ఈ వీడియో ఎవరు చూడాలని?

వాతావరణ మార్పు మీద కుర్రాళ్ళు చేసే వీడియోలు బరంపురంలో నా అంత ఎక్కువగా చూసినవాళ్ళు తక్కువే ఉంటారు. గొప్పకి చెప్పడం లేదు. నాది పెళ్ళిళ్ళ వీడియో స్టూడియో. ఎడిటింగ్ సిస్టమ్ మంచిది, ముహూర్తాలు లేని నెలల్లో ఖాళీగా పడి ఉంటుంది, నాకేమో కాదనడం రాదు. కాలేజీ పోటీకి మూడు నిమిషాల సినిమా కావాలన్నా, పర్యావరణ దినోత్సవానికి రీల్ కావాలన్నా మా మేనల్లుడు పెన్‌డ్రైవ్ పట్టుకుని తన గ్యాంగ్‌తో దిగిపోతాడు. "మావయ్యా, కలర్ కొంచెం సెట్ చెయ్యవా" అంటాడు. కలర్‌తో మొదలైన పని తెల్లారేదాకా సాగుతుంది.

సగానికి సగం ఒకే అచ్చు. పైనుంచి డ్రోన్‌లో సముద్రం, వెనక పియానో. కూలిన గోడ ఒకటి. ఆ తర్వాత బీటలు వారిన నేల, అది మా గంజాం జిల్లాది కూడా కాదు, నెట్‌లో ఫ్రీగా దొరికింది. చివర్లో ఒక అమ్మాయి కెమెరాలోకి చూస్తూ ఇంగ్లీషులోనో హిందీలోనో ప్రపంచ నాయకుల్ని మేల్కోమంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదువుకుని, ఫోన్లో హిందీ చూసే పిల్ల, పోటీ అనేసరికి ఇంగ్లీషులోకి వెళ్ళిపోతుంది. జడ్జీలు అక్కడుంటారు కాబట్టి.

"ఏ ప్రపంచ నాయకుడు చూస్తాడురా ఇది?" అని అడిగితే మావాడికి కోపం. "వాళ్ళు చూడకపోతే ఏమైంది? జనం చూస్తారు, అవేర్‌నెస్ వస్తుంది" అంటాడు. ఇక్కడే మా ఇద్దరికీ పేచీ.

సముద్రం కోపం గురించి గంజాం వాళ్ళకి ఎవరైనా కొత్తగా చెప్పాలా? 1999 అక్టోబరులో రెండు వారాలు తిరగకుండా రెండు తుఫాన్లు ఒడిశాని కొట్టాయి. మొదటిది గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. రెండోది పారాదీప్ వైపు వెళ్ళిన సూపర్ సైక్లోన్, దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మళ్ళీ గోపాల్‌పూర్ మీదకే వచ్చింది, గాలి గంటకి 200 కిలోమీటర్ల పైమాట. కానీ అప్పటికే సుమారు పది లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు, అందుకే చావులు పదుల్లో ఆగాయి. 2020లో సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళని యునెస్కో తరఫున గుర్తించినప్పుడు, మన దేశంలో మొదట ఎంపికైన రెండిటిలో మా జిల్లా వెంకట్రాయిపూర్ ఒకటి. ఎటు పరుగెత్తాలో, ముసలివాళ్ళని ఎవరు మోయాలో అక్కడ పిల్లలకి కూడా తెలుసు. అలాంటి ఊరి ముందు నిలబడి మేల్కోండి అనడానికి మనకి మొహం ఉండాలి.

ఇక్కడ లోటున్నది రుజువుకి. ఊరు ఎక్కడిదాకా ఉండేది, ఎప్పుడు ఎంత పోయింది, ఎందుకు పోయింది అని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఏమీ లేదు. చేతిలో మాత్రం అందరికీ కెమెరా ఉంది.

వీడియోకి బలం లేదని నేను అనను. అంటే నా పొట్ట మీద నేనే కొట్టుకున్నట్టు. 2018 ఆగస్టులో గ్రెటా థన్‌బర్గ్ అనే బడిపిల్ల వాతావరణం కోసం స్టాక్‌హోమ్‌లో పార్లమెంటు ముందు అట్టముక్క పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది. ఆ తర్వాతి మార్చికల్లా వందకి పైగా దేశాల్లో పిల్లలు బడి మానేసి రోడ్డెక్కారు. ఫోన్లు లేకపోతే అది స్వీడన్ దాటేది కాదు. 2021 నవంబరులో పసిఫిక్‌లోని చిన్న దీవుల దేశం తువాలు మంత్రి సైమన్ కోఫె ప్యాంటు మడుచుకుని, మోకాలి లోతు నీళ్ళలో పోడియం వేయించుకుని గ్లాస్గో వాతావరణ సదస్సుకి ప్రసంగం పంపాడు. కోటు, టై, వెనక జెండా, కింద సముద్రం. వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, అది గొప్ప ఫ్రేము. అయితే అందం వల్ల కాదు. ఆయన నిలబడిన చోటు ఒకప్పుడు పొడి నేల. చోటు చూపించి, దాన్నిబట్టి అడగాల్సింది అడిగాడు.

ఆ పసిఫిక్ దీవుల నుంచే ఇంకో సంగతి, మావాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా సగం వినే సంగతి. 2019లో అక్కడ న్యాయశాస్త్రం చదువుతున్న కొందరు విద్యార్థులు ఒక్క కోరిక పట్టుకున్నారు: వాతావరణం విషయంలో దేశాలకి చట్టపరంగా ఏ బాధ్యత ఉందో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పాలి. అక్కడి వనువాటు దేశ ప్రభుత్వాన్ని ఒప్పించారు. 2023 మార్చిలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ తీర్మానం చేసింది. 2025 జులైలో న్యాయస్థానం అభిప్రాయం వచ్చింది, అవును, బాధ్యత ఉంది అని. వాళ్ళూ వీడియోలు చేశారు. కానీ ఏ తలుపు కొడుతున్నారో మొదటి రోజు నుంచీ వాళ్ళకి తెలుసు.

మన తలుపులు అంత దూరంలో లేవు. బీడీఓ ఆఫీసు, కలెక్టరేటు ఛత్రపురంలోనే ఉన్నాయి. పర్యావరణ కేసులు వినే హరిత ట్రిబ్యునల్ బెంచి కోల్‌కతాలో ఉంది, రాత్రి రైలెక్కితే పొద్దునకి దిగొచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పొదంపేట అనే ఊరుంది. ఉండేది అనాలి. ఈ తీరం పొడుగునా ఉన్న చాలా ఊళ్ళలాగే తెలుగు మాట్లాడే చేపలవాళ్ళ ఊరు. ఒడియా వాళ్ళు నోళియాలంటారు. సముద్రం వరస తర్వాత వరస ఇళ్ళు తీసుకుపోయింది, ఫైలిన్ తర్వాత మిగిలినవాళ్ళు వెనక్కి, కొత్త కాలనీకి వెళ్ళిపోయారు. కొన్ని మొండిగోడలు ఉండిపోయాయి. ఒక జంట ప్రీ వెడ్డింగ్ షూట్‌కి ఆ గోడలే కావాలన్నారు. తీసిచ్చాను. బాగా వచ్చాయి కూడా.

దక్షిణాన, ఆంధ్ర సరిహద్దు వైపు వస్తే రామయ్యపట్నం. అక్కడా సముద్రం కోతే. మావాళ్ళ వీడియోలో ఒక ముసలమ్మ నాలుగు సెకన్లు కనిపిస్తుంది, ముడతల మొహం, స్లో మోషన్, పియానో. ఆ క్లిప్పు అసలు ఫైలు నా దగ్గరుంది, సౌండ్‌తో సహా విన్నాను. ఆవిడ అంటోంది: "ఏటి బాబూ నా మొహం తీస్తన్నారు? అదిగో, ఆ కెరటం ఇరిగే కాడ మా ఇల్లు. ఇంటి ముందు గుడి. గుడి ముందు వలలారేసుకునే ఇసక. అది తియ్యండి."

ఈ మాటలు మ్యూట్ చేసి, పైన ఇంగ్లీషు వాయిస్ ఓవర్ పెట్టారు!

ఇల్లు, గుడి, ఇసక. ఒడ్డు నుంచి సముద్రం వైపు మూడు వరసలు, ఏది ఎక్కడుందో, ఏది ఏ వరసలో పోయిందో ఆవిడ నోటి లెక్కలోనే ఉంది. పక్కన ఇద్దరు ముగ్గుర్ని అడిగి గుడి పోయిన సంవత్సరం పట్టుకుంటే, పాత సర్వే పటం ఒకటి సంపాదిస్తే, అది ఏ అధికారి ముందైనా నిలిచే మాట. మనవాళ్ళకి మాత్రం ముడతలు నచ్చాయి.

ఇంకో చిక్కుంది. ఆ వీడియోలన్నీ చెప్పే కారణం ఒక్కటే, సముద్రమట్టం పెరుగుతోంది, ఊళ్ళు మునుగుతున్నాయి. పెరుగుతున్న మాట నిజం. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్క. 2006 తర్వాత ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున ఎక్కుతోంది. ఇసుక తీరం వాలు తక్కువ కాబట్టి, మట్టం పెరిగినదానికి వందరెట్ల దాకా నేల వెనక్కి పోవచ్చు అనుకున్నా, ఏడాదికి అడుగూ అడుగున్నరా. ఒక్క తరం చూస్తుండగా వరసలకి వరసలు ఇళ్ళు పోవడానికి ఆ ఒక్క కారణం చాలదు.

మిగతాది ఎక్కడిది? తూర్పు తీరంలో కెరటాలు ఇసుకని తీరం వెంట మోసుకుపోతుంటాయి, ఏడాది మొత్తం మీద చూస్తే ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి. దారిలో ఓడరేవు కోసం సముద్రంలోకి రాతి గట్టు కడితే ఇసుక దానికి దక్షిణం వైపు పేరుకుంటుంది, ఉత్తరం వైపు తీరానికి రావలసిన ఇసుక రాక కోత పడుతుంది. పుదుచ్చేరి బీచ్ ఇలాగే పోయింది. విశాఖలో ఆర్కే బీచ్‌కి హార్బరు తవ్విన ఇసుకని ఎందుకు పోస్తుంటారో అక్కడివాళ్ళని అడగండి. మా గోపాల్‌పూర్ ఓడరేవుకీ గట్లున్నాయి. పొదంపేట దానికి ఉత్తరాన ఉంది. నది మొగ కూడా అక్కడే, ఇసుక దిబ్బ పెరిగేకొద్దీ మొగ జరుగుతూ ఉంటుంది. రామయ్యపట్నమేమో ఓడరేవుకి దక్షిణాన ఉంది. రెండు ఊళ్ళూ కోతకి గురయ్యాయి, కానీ రెండిటికీ ఒకే కారణం ఎలా సరిపోతుంది? గట్టు వాటా ఎంత, మొగ వాటా ఎంత, తుఫాన్ల వాటా ఎంత, పెరిగే మట్టం వాటా ఎంత, ఊరూరికీ వేరుగా తేల్చాల్సిన లెక్క.

అన్నిటినీ వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే ఇక్కడ చాలామందికి హాయి. దోషి ఎక్కడో ఆకాశంలో ఉన్నాడంటే ఊళ్ళో ఎవరికీ టెన్షన్ లేదు. గట్టు కట్టినవాడు కూడా వచ్చి ఆ పోటీకి స్పాన్సర్‌గా ఉండొచ్చు, సర్టిఫికెట్లు పంచొచ్చు. "నువ్వు వాతావరణ మార్పు అబద్ధమంటున్నావా?" అని మావాడి స్నేహితురాలు ఒకమ్మాయి నా మీదకి లేచింది. కాదమ్మా. నిజం కాబట్టే దాన్ని ప్రతి గోడకీ అంటించి పల్చన చెయ్యొద్దంటున్నాను. ఇంజినీరు ఎవరైనా వచ్చి "ఇది సముద్రమట్టం కాదు, గట్టు" అని ఒక్క ఊరి విషయంలో నిరూపిస్తే, ఆ రోజు నుంచి మీ వీడియోలన్నీ అబద్ధాల కిందే జమ.

మరి ఏం తీయాలి? విసుగు పుట్టించేవి తీయాలి. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర రెండు బీచ్‌లలో 2017లో కోస్ట్‌స్నాప్ అని మొదలుపెట్టారు. తీరం మీద ఒక స్టాండు పాతుతారు, దారిన పోయేవాళ్ళు తమ ఫోన్ దాంట్లో పెట్టి ఫొటో తీసి తేదీ, టైముతో పంపుతారు. చోటూ కోణమూ మారవు కాబట్టి ఆ ఫొటోల నుంచి తీరం ఎంత జరిగిందో లెక్క కట్టొచ్చు. మనకి స్టాండు కూడా అక్కర్లేదు. కరెంటు స్తంభమో, గుడి అరుగో ఆనవాలుగా పెట్టుకుని, నెలనెలా అదే చోట, అదే ఎత్తులో, ఒక నిమిషం. పోటు మీదుండగా ఒకసారి, పాటులో ఒకసారి, లేకపోతే కెరటం ఎక్కువ తక్కువలే తీరం జరిగినట్టు కనిపిస్తాయి. తుఫానుకి ముందూ తర్వాతా తప్పకుండా. పెద్ద కెరటాల హెచ్చరికలు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తూనే ఉంటుంది, తీయాల్సిన రోజు ఎప్పుడో వాళ్ళే చెప్పినట్టు. డ్రోన్ మాత్రం ఇంట్లో పెట్టండి. గోపాల్‌పూర్‌లో సైన్యం వాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, మీ షాట్ కోసం వాళ్ళతో పంచాయితీ వద్దు.

తీసిన ఫైలు దాచుకోవడం ఇంకో విద్య. వాట్సాప్‌లో పంపిన వీడియోలో క్వాలిటీతో పాటు అది ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలూ పోతాయి. అసలు ఫైలు ముట్టుకోకుండా దాచాలి, ఎడిట్ చేసేది కాపీ మీదే. 2024 జులైలో వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో చెల్లాలంటే సర్టిఫికెట్ ఉండాలి, దాంట్లో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. పెళ్ళి వీడియోకి ఇవన్నీ అవసరం లేదు. ఊరు పోయిందని నిరూపించే వీడియోకి కావాలి. పైగా ప్రతి తుఫానుకీ ఏ దేశానివో, ఏ ఏటివో వీడియోలు "గోపాల్‌పూర్ ఇప్పుడే" అని తిరుగుతాయి. ఆ బురదలో మీ నిజం కూడా కొట్టుకుపోకూడదంటే తేదీ, చోటు పక్కాగా ఉండాలి.

వీడియో గురించి చట్టంలో ఇంకో ముక్క ఉంది, ఎవరూ పట్టించుకోరు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఏదైనా పెద్ద ప్రాజెక్టుకి బహిరంగ విచారణ పెడితే, మొత్తం కార్యక్రమాన్ని కాలుష్య నియంత్రణ మండలి వీడియో తీయించాలి, ఆ కాపీని నివేదికతో పాటు పంపాలి. తీసేది ఎవరనుకున్నారు? నాలాంటి పెళ్ళిళ్ళవాళ్ళే. ఒక విచారణకి నేనే వెళ్ళాను. ఏ ప్రాజెక్టో, ఎక్కడో చెప్పను. కెమెరా వేదిక మీదే ఉంచమన్నారు. మైకు దగ్గరికొచ్చి మాట్లాడినవాళ్ళు ఫ్రేములో వెనక నుంచి, తలకాయలుగా కనబడతారు. వెనక వరసలో ఆడవాళ్ళు లేచి అరిచిన పావుగంటలో నా ఫ్రేము నిండా పూలదండలూ నీళ్ళ బాటిళ్ళూ. కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని వెళ్ళాల్సింది అక్కడికి, రెండో కెమెరాగా. జనం వైపు తిప్పి, ఎవరు ఏం అడిగారో మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా తీయండి. ఆ తర్వాత సమాచార హక్కు కింద సర్కారు కాపీ అడిగి, రెండూ పక్కపక్కన పెట్టండి. ఒక్క పియానో అక్కర్లేదు.

తాబేళ్ళ సంగతి చెప్పకుండా ఈ తీరం గురించి రాస్తే మావాళ్ళు ఊరుకోరు. రుషికుల్యలో 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టాయి, ఆ వీడియోలకి వచ్చిన వ్యూస్ మా ఊళ్ళ గోడలకి జన్మలో రావు. చూడ్డానికి అద్భుతమే. ఇసుక వేడెక్కేకొద్దీ గుడ్లలోంచి ఆడపిల్లలే ఎక్కువగా వస్తాయని కూడా చెప్పండి, మంచిదే. కానీ నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ చుట్టూ 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం అని ఏ రీల్ చెబుతుంది? దాని మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా ఇంకో నిషేధం. ఆ నెలల్లో ఇంటి మగాడు గోవాకో, కేరళకో పరాయి బోటు మీద కూలికి పోతాడు. ఈ వీడియోలు నిజంగా గుడ్లు మిటకరించి చూసేది వాళ్ళే, ఊరి మీద బెంగతో. తాబేలుని కాపాడమని ఎక్కడో ఉన్నవాళ్ళకి చెబుతున్నాం. కాపాడుతున్నవాళ్ళ ఖర్చు మాత్రం ఫ్రేములోకి రాదు.

ఇంకా లోపలికి వెళ్తే ఫ్రేమే ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉత్తరానికి మళ్ళి, గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. బరఘరలో కొండచరియ విరిగి జనం మట్టికింద పడిపోయారు. మన మనసులో తుఫాను అంటే సముద్రం ఒడ్డు, అందుకే హెచ్చరికలూ కెమెరాలూ ఒడ్డునే ఉన్నాయి. కొండ మీద టవరు లేదు కాబట్టి వీడియో లేదు, వీడియో లేదు కాబట్టి ఆ చావులు ఇప్పటికీ ఎవరికీ గుర్తు లేవు. పర్లాకిమిడి వైపు కాలేజీ పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, బీచ్ మాకొదిలేసి ఆ కొండలెక్కండి.

ఫ్యాన్లు ఆపండి, లైట్లు ఆర్పండి అని చెప్పే వీడియోల గురించి ఒక్క ముక్కతో సరిపెడతాను. మన దేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు రెండు టన్నులు, అమెరికాలో 14 దరిదాపు. ఒకే ఫ్యాను కింద అయిదుగురు పడుకునే నోళియా ఇంట్లో ఆ ఫ్యాను ఆపమనేవాడు ముందు తాల్చేరు, ఝార్సుగుడా బొగ్గు కరెంటు ప్లాంట్ల పొగగొట్టాల కింద నిలబడి మాట్లాడాలి.

ఇదంతా విని మావాడు వేసిన ప్రశ్న ఒక్కటే నన్ను ఇబ్బంది పెట్టింది. "మావయ్యా, ప్రపంచ నాయకుల్ని తిడితే నన్ను ఎవరూ ఏమీ అనరు. గట్టు గురించి వీడియో పెడితే రేపు పోలీసు వెరిఫికేషన్‌కి నువ్వొస్తావా?" పిల్లల ఇంగ్లీషుకీ, పియానోకీ వెనక ఉన్న లెక్క ఇదే కావచ్చు. 2021 ఫిబ్రవరిలో ఇరవై రెండేళ్ళ పర్యావరణ కార్యకర్త దిశా రవిని ఒక ఆన్‌లైన్ డాక్యుమెంట్ మీద అరెస్టు చేసినప్పుడు, ఇక్కడ కూడా తల్లిదండ్రులు పిల్లల ఫోన్లు తీసి చూశారు. ఆ భయానికి నా దగ్గర మందు లేదు. పేర్లు పెట్టి ఆరోపణ చేయకుండా, తేదీ వేసి కొలత మాత్రం పెట్టండి అంటాను. కొలత చూసి కోపం తెచ్చుకునేవాడు కూడా ఉంటాడు, నిజమే. ఊరి పెద్దల్ని, మత్స్యకార సంఘాన్ని ముందు పెట్టుకోండి, వీడియో గ్రామసభలో ముందు వేసి ఆ తర్వాత నెట్‌లో పెట్టండి. ఒక్కడిగా ఉండకండి.

ఈలోగా మేమొక పని మొదలుపెట్టాం. మా నాన్న తొంభైల దశకంలో ఈ తీరం ఊళ్ళన్నిట్లో పెళ్ళిళ్ళు తీశాడు. ఊరేగింపు గుడి దగ్గర బయల్దేరి, వీధంతా తిరిగి, పెళ్ళికొడుకు ఇంటికొస్తుంది, వెనక వరసంతా కనబడుతుంది, మూలన తేదీ కూడా పడి ఉంటుంది. ఇప్పుడు సముద్రంలో ఉన్న వీధులవి. పెళ్ళివాళ్ళని అడిగి, ఒప్పుకున్నవాళ్ళవి మాత్రమే డిజిటల్ చేద్దామని మావాడు, నా మీదకి లేచిన ఆ అమ్మాయి తిరుగుతున్నారు. క్యాసెట్లకి బూజు పట్టింది, అది దులపొచ్చు. నా వీసీఆర్ హెడ్ అరిగిపోయింది. బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాల్లో ఎవరింట్లోనైనా పనిచేసే వీహెచ్‌ఎస్ ప్లేయర్ ఉంటే చెప్పండి, కొంటాను, లేకపోతే అద్దెకైనా తీసుకుంటాను.